కంటికి కనిపించని వెండి తీగలు

లెపర్డ్స్‌టౌన్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు, ఇక్కడ ఒకప్పుడు చిరుతపులులు తిరిగేవా అని అడగని తెలుగువాడు అరుదు. చిరుతలూ లేవు, పులులూ లేవు. ఐరిష్ భాషలో ఈ ఊరి పేరుకు కుష్ఠురోగుల ఊరు అని అర్థం. పూర్వం వారికోసం నెలకొల్పిన ఆశ్రయాన్ని బట్టి వచ్చిన పేరది. ఇంగ్లీషువారి నోట నలిగి నలిగి చివరికి చిరుతలో తేలింది. 1888లో ఇక్కడ గుర్రప్పందాల మైదానం వచ్చింది. ఇప్పుడు మైక్రోసాఫ్టు వంటి పెద్ద కంపెనీల ఆఫీసులు వచ్చి, మనవాళ్ళు పలువురికి బతుకుతెరువు చూపిస్తున్నాయి. పొద్దున లేచింది మొదలు పక్క మీదికి చేరేదాకా మనం చేసే పని చాలావరకు ఒక గాజుపలకను వేలితో తడమటమే. ఆ గాజు వెనుక నడిచే ప్రోగ్రాముల గురించి మన సమావేశాల్లో గంటల తరబడి మాట్లాడేవారున్నారు. ఆ గాజుకు పూసిన పూత గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు.

ఇప్పుడా ఊసు ఎందుకెత్తుతున్నామంటే, వెండి వల్ల. 2025లో వెండి ధర మునుపెన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. దాంతోపాటే, టచ్ స్క్రీన్లూ సోలార్ పలకలూ కలిసి లోకంలోని వెండినంతా మింగేస్తున్నాయని, ఇప్పుడే కొని దాచుకోవాలని సందేశాలు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాయి. మనమ్మాయి పెళ్ళికి పట్టీలూ కంచమూ ఇప్పుడే కొనమంటారా అని అడిగినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. ఈ మాటలో సగం నిజముంది, సగం లేదు. ఏ సగం నిజమో తేలాలంటే ముందుగా ఆ గాజు మీద ఏముందో తెలియాలి. ఆ విషయంలో చెప్పుకోదగ్గ పరిశోధన కొంత మన ఊరికి ట్రాము దూరంలోనే జరిగింది.

గాజుకు మన వేలు తగిలిందని ఎలా తెలుస్తుంది? గాజు అడుగున విద్యుత్తును మోయగల పల్చని పూత ఒకటి గళ్ళు గళ్ళుగా పరిచి ఉంటుంది. మన ఒంట్లో ఉప్పునీరు ఉంది కాబట్టి వేలు కూడా విద్యుత్తును కొద్దో గొప్పో మోస్తుంది. వేలు దగ్గరికి రాగానే ఆ గళ్ళలో నిలిచివున్న విద్యుత్తు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ తేడాను కొలిచి, వేలు ఫలానా గడి మీద ఉందని యంత్రం పసిగడుతుంది. జనవరి చలిలో సెంట్రల్ పార్క్ ట్రాము స్టాపు దగ్గర ఉన్ని చేతితొడుగులతో ఫోను ఎంత రుద్దినా పలకదు. ఉన్ని విద్యుత్తును మోయదు, వేలిని దూరంగానూ ఉంచుతుంది, అదే కారణం. ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని మాల్వర్న్ రాడారు పరిశోధనాలయంలో ఇ.ఎ. జాన్సన్ అనే ఆయన 1965లోనే దీన్ని వివరించి ప్రకటించారు.

చిక్కంతా ఆ పూతతోనే. అది విద్యుత్తును మోయాలి, వెలుతురుకు అడ్డం రాకూడదు. ప్రకృతిలో ఈ రెండు గుణాలకూ పొసగదు. లోహం విద్యుత్తును మోసేది దానిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల. వెలుతురును వెనక్కి కొట్టి తళతళలాడేదీ వాటివల్లనే. మిఠాయి మీద అతికించే వెండి రేకు ఊదితే ఎగిరిపోయేంత పల్చన. అయినా దాని వెనుక మిఠాయి రంగు కనిపించదు. గాజులో ఆ ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి వెలుతురు దూసుకుపోతుంది, కానీ విద్యుత్తు కదలదు. అటు లోహమూ కాక, ఇటు గాజూ కాక, రెంటి మధ్య నిలిచే పదార్థం కావాలి. 1907లో జర్మనీలో కార్ల్ బేడెకర్ కాడ్మియం ఆక్సైడులో అటువంటి గుణాన్ని మొదట కనిపెట్టాడు. తరవాతి కాలంలో గద్దెనెక్కింది ఇండియం ఆక్సైడు. అందులో కాస్త తగరం కలిపి గాజు మీద పూస్తారు. మన చేతుల్లోని ఫోన్లలోనూ, బల్లల మీది తెరల్లోనూ ఎక్కువ భాగం నేటికీ దాని చలవే.

ఇండియం అనగానే మన దేశం గుర్తుకు రావడం సహజం. సంబంధం ఉంది కూడా. 1863లో జర్మనీలోని ఫ్రైబెర్గులో ఫెర్డినాండ్ రైష్ జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్నాడు. ఆయనకు రంగులు తెలియవు. అందుకని మంటలో వచ్చే రంగుగీతలు చూసిపెట్టమని థియొడోర్ రిక్టర్‌ను కూర్చోబెట్టాడు. రిక్టర్‌కు అంతకుముందు ఎవరూ చూడని ముదురు నీలి గీత కనిపించింది. నీలిమందు రంగు. లాటినులో నీలిమందు పేరు ఇండికుం, అంటే ఇండియా నుంచి వచ్చే సరుకు. ఆ రకంగా, ఒకప్పుడు మన కడప సీమ పొలాల్లో కూడా పండిన ఆ మందు పేరే ఈ లోహానికి స్థిరపడింది.

ఇండియానికి సొంత గనులంటూ చెప్పుకోదగ్గవి లేవు. జింకును శుద్ధి చేసేటప్పుడు అడుగున మిగిలే మడ్డిలోంచి దాన్ని తీస్తారు. అంటే జింకు తీసినంత మేరకే ఇండియం. ఎంత గిరాకీ ఉన్నా దానికోసమని ఎవరూ గని తవ్వరు. అందుకే ఈ శతాబ్దం మొదటి పదేళ్ళలో తెరల అమ్మకం పెరిగేకొద్దీ, ఇండియం నిండుకుంటుందన్న భయం బాగా పాకింది. దానికి మరో రెండు లోపాలు. గాలి తీసేసిన గదుల్లో ఖరీదైన యంత్రాలతో పూయాలి. పూసినదేమో అప్పడం వంటిది. గాజు మీద నిలిచినంతకాలం బాగానే ఉంటుంది, వంచితే చిట్లుతుంది. చుట్టచుట్టే తెరలకూ, గుడ్డలా పరిచే సోలార్ పొరలకూ అది పనికిరాదు. ప్రయోగశాలలన్నీ ప్రత్యామ్నాయం కోసం వెతుకులాడింది ఆ రోజుల్లోనే.

అప్పుడు కొందరు ప్రశ్నను తిరగేశారు. లోహం వెలుతురును ఆపితే ఆపనీ, లోహాన్ని రేకులా పరచకుండా దోమతెరలా అల్లితే? వెలుతురు కన్నాల్లోంచి పోతుంది, విద్యుత్తు పోగుల వెంబడి పోతుంది. అన్ని లోహాల్లోకీ విద్యుత్తును బాగా మోసేది వెండి కాబట్టి పోగులు వెండివైతే మరీ మంచిది.

వెండి తీగ అనగానే మనకు కరీంనగరం గుర్తుకొస్తుంది. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వెండి తీగ పనిలో కంసాలి వెండి కడ్డీని కమ్మచ్చు రంధ్రాల్లోంచి ఒకదాని తరవాత ఒకటిగా లాగి, ఒక్కో రంధ్రానికీ ఇంకా సన్నం చేసుకుంటూ, చివరికి పోగులు మెలిపెట్టి నెమళ్ళూ గంధపు గిన్నెలూ అల్లుతాడు. ఎంత నిపుణుడైనా ఆ దారిన ఒక హద్దు వరకే పోగలడు. గాజు మీదికి కావలసిన తీగ వెంట్రుక మందంలో వెయ్యో వంతు. నానోమీటర్లలో చెబితే వంద లోపు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. అంత సన్నటి తీగను లాగడం కుదరదు, పెంచాలి. చక్కెర పాకంలో పలుకు కట్టినట్టు ద్రవంలో దానంతటది పెరగాలి.

ఆ పద్ధతిని 2002 ప్రాంతాల్లో అమెరికాలో యూనన్ షియా బృందం చక్కబెట్టింది. కావలసిన సరుకులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చలికాలంలో కారు రేడియేటరు గడ్డకట్టకుండా పోసుకునే గ్లైకాలు, సిల్వర్ నైట్రేటు, ఒక జిగురు పదార్థం. గ్లైకాలును బాగా వేడిచేస్తే సిల్వర్ నైట్రేటులోంచి వెండి విడివడి చిన్న చిన్న పలుకులు కడుతుంది. జిగురు ఆ పలుకుల పక్కలను పట్టుకుని అటు పెరగనివ్వదు. ఇక పెరిగే దారి రెండు కొసల్లోనే. అలా అయిదు పలకల పెన్సిళ్ళ వంటి సన్నటి తీగలు తయారవుతాయి. కడిగి, సారాయిలోనో నీళ్ళలోనో కలిపితే అదే సిరా. గాజు మీదనో ప్లాస్టిక్ పొర మీదనో చల్లి ఆరనిస్తే అదే పూత. గాలి తీసే గదులతో పని లేదు.

2008లో స్టాన్‌ఫర్డ్‌లో పూమన్స్, యీ చ్వీల బృందం ఇటువంటి తీగల వలను పారదర్శక పూతగా చేసి చూపింది. మరుసటి సంవత్సరం డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో జొనాథన్ కోల్‌మన్ బృందం ప్రకటించిన వ్యాసం ఈ రంగంలో చాలామంది చేతుల్లో నలిగింది. ఆ వ్యాసంలో ముందున్న పేరు సుకాంత దే, మన దేశపు పేరు. చూడదలచినవారు మన సెంట్రల్ పార్క్‌లో గ్రీన్ లైను ట్రాము ఎక్కి డాసన్ స్టాపులో దిగితే చాలు. ట్రినిటీ పేరుతో స్టాపు వేరే ఉంది గాని, అది తిరుగుదారిలో తగులుతుంది. కళాశాల ఆవరణకు అటు చివర, పియర్స్ స్ట్రీటు వైపున్న నాటన్ భవనంలోనే ఈ నానో పదార్థాల పరిశోధనాలయం ఉంది. 2009లో వారు వాడిన తీగలు సగటున 85 నానోమీటర్ల మందం, ఆరున్నర మైక్రోమీటర్ల పొడవు. అంటే పొడవే వెంట్రుక మందంలో పదో వంతుకు తక్కువ. ఆ పూత నూటికి 85 పాళ్ళ వెలుతురును పోనిచ్చింది. నిరోధమేమో చదరానికి 13 ఓములు. పూతల నిరోధాన్ని ఇలా చదరానికి ఇంతని చెప్పడం వాడుక. చదరం తపాలా బిళ్ళంతదైనా తలుపంతదైనా అంకె మారదు, అదొక తమాషా. ఇండియం పూతకు దీటుగా వచ్చిన ఈ పూతను వెయ్యిసార్లు వంచినా చెడలేదు.

అడ్డదిడ్డంగా పడిన తీగల్లో విద్యుత్తుకు దారి ఎలా దొరుకుతుంది? ఇది ఇంట్లోనే చూడవచ్చు. కొబ్బరి చీపురు విప్పి పుల్లల్ని గచ్చు మీద చల్లండి. ఒక చీమ నేలకు దిగకుండా పుల్లల మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకు పోవాలి. పది పుల్లలతో దారి లేదు, ఇరవైతో లేదు. వేసుకుంటూ పోతే ఒక అంకె దగ్గర హఠాత్తుగా దారి తెరుచుకుంటుంది. అప్పటికి కూడా గచ్చు చాలావరకు ఖాళీగానే కనిపిస్తుంది. పుల్ల పొడవు రెట్టింపైతే అంతకుముందు కావలసిన పుల్లల్లో నాలుగో వంతు చాలు. కాబట్టి మొత్తం మీద వెండి సగమే పడుతుంది, వెలుతురుకు అడ్డమూ సగమే. పొడవుగా, సన్నగా తీగల్ని పెంచడానికి అందరూ అంత తంటాలు పడింది ఇందుకే.

అయితే చీమకు పుల్ల మీద నడక తేలిక, పుల్ల నుంచి పుల్లకు దాటడమే కష్టం. తీగలు పెరిగేటప్పుడు సాయపడిన ఆ జిగురు తీగల మీద పల్చని తొక్కలా ఉండిపోయి, తీగా తీగా తగిలే చోట అడ్డం పడుతుంది. అందుకని పూతను సుమారు 200 డిగ్రీల దాకా వేడిచేసి కూడళ్ళను అతికిస్తారు. అంతకు మించి కాచితే తీగలు తెగి బొట్లు బొట్లుగా ముడుచుకుంటాయి. ట్రినిటీలోనే జాన్ బోలాండ్ బృందం ఓపికగా ఒక్కొక్క కూడలినీ విడిగా కొలిచి, 2015లో లెక్క చెప్పింది. బాగా అతికిన కూడలి నిరోధం ఎక్కువగా 11 ఓముల దగ్గర తేలుతుందట.

ఇక వెండి లెక్కకు వద్దాం. ఇటువంటి పూతకు చదరపు మీటరుకు పట్టే వెండి వంద మిల్లీగ్రాముల లోపే. మనం వంద మిల్లీగ్రాములనే అనుకుందాం. పది తులాల పట్టీల జతలో సుమారు 116 గ్రాముల వెండి ఉంటుంది. ఆ జతను కరిగించి తీగలు చేస్తే 1,160 చదరపు మీటర్లు పూయవచ్చు. ఫోను తెర చదరపు మీటరులో వందో వంతు ఉంటుంది కాబట్టి, ఒక్క పెళ్ళికూతురి పట్టీలు లక్షకు పైగా ఫోన్లకు సరిపోతాయి. రెండేసి పొరలు వేసినా యాభైవేలకు తక్కువ కాదు. కనుక టచ్ స్క్రీన్ల వల్ల వెండి కరువొస్తుందన్న మాటను నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. అసలు నిజానికి ఫోన్లలో చాలావాటికి ఇప్పటికీ వెండి పూత లేనే లేదు.

ఎందుకు లేదన్నది మా దృష్టిలో ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న. మొదటి కారణం మన ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలుసు. వెండి నల్లబడుతుంది. గాలిలో ఎక్కడో ఉన్న కాస్త గంధకాన్ని కూడా వెతికి పట్టుకుంటుంది. పట్టీలు నల్లబడితే విభూతి పెట్టి తోముతాం, లేదా కుంకుడు రసంలో వేస్తాం. నలుపు పైపొర మాత్రమే, లోపలంతా వెండే. నానో తీగకు పైపొర వేరు, లోపలి భాగం వేరు కాదు. ఉన్నదంతా పైపొరే. పట్టీల మీద మనం గమనించనైనా గమనించని ఆ మసక ఇక్కడ తీగ మొత్తాన్ని తినేసి దారి తెంపేస్తుంది. పైన మరో పూత వేసి కాపాడాలి. అది ఖర్చు, పైగా అదీ కొంత వెలుతురును తింటుంది. రెండవది, తీగలు విడివిడిగా కంటికి కనిపించకపోయినా వెలుతురును చెదరగొట్టి తెరకు పాలనీళ్ళ వంటి మసకను తెస్తాయి. ఎండలో ఫోను చూసేవారికి అది నచ్చదు.

మూడవది వ్యాపారం. ఇండియం నిండుకుంటుందన్న భయం నిజం కాలేదు. పూసేటప్పుడు వృథాగా రాలినదాన్ని మళ్ళీ కరిగించి వాడడం నేర్చుకున్నారు. జింకు కర్మాగారాలు మడ్డిలోంచి ఇండియం తీయడం పెంచాయి. ఇంకో మాట కూడా అప్పుడే అడిగి ఉండవలసింది: భూమి పొరల్లో వెండి మాత్రం ఇండియం కన్నా సమృద్ధిగా ఉందా? లేదు, ఇంచుమించు రెండూ అంతంతే. తేడా అంతా పూతకు పట్టే పరిమాణంలోనే. ఇండియం పూతకు చదరపు మీటరుకు గ్రాము దాకా పడుతుంది. ఏమైతేనేం, గాలి తీసే గదులూ యంత్రాలూ అప్పటికే కొనేసిన కర్మాగారాలు పాతదాన్నే పట్టుకున్నాయి. వెండి తీగల సిరాను మొదట బజారులోకి తెచ్చినవారిలో అమెరికాలోని కేంబ్రియోస్ ఒకటి. 2004లో మొదలైన ఆ సంస్థ 2016లో చేతులు మారింది. మడత ఫోన్లు వచ్చాక ఇక వెండి తీగలకు రోజులొచ్చాయని ఎదురుచూసినవారికి అక్కడా కొంత నిరాశే. వాటిలో కొన్నింటికి సన్నగా చెక్కిన లోహపు జాలీ వాడారు. బడుల్లో గోడకు తగిలించే పెద్ద టచ్ పలకల వంటి చోట్ల మాత్రం వెండి తీగలు నిలదొక్కుకున్నాయి. పలక పెద్దదయ్యేకొద్దీ ఇండియం పూత నిరోధం మోయలేని భారమవుతుంది కాబట్టి.

జాలీ అల్లే పద్ధతుల్లో మాకు బాగా నచ్చినది బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధనా కేంద్రంలో జి.యు. కులకర్ణి బృందం చేసినది. వేసవిలో చెరువు ఎండితే అడుగు నెర్రెలు విచ్చడం మనం చిన్నప్పుడు చూసిందే. వారు గాజు మీద ఒక జిగురు పొర పూసి, అది ఆరి నెర్రెలు విచ్చేదాకా ఆగి, ఆ నెర్రెల్లోకి లోహాన్ని దింపి, జిగురును కడిగేస్తారు. గాజు మీద నెర్రెల ఆకారంలో లోహపు వల మిగులుతుంది. తీగా తీగా తగిలే కూడళ్ళే లేవు, వలంతా ఒకటే ముక్క. పైసా ఖర్చు లేని అచ్చు.

సోలార్ పలకల సంగతి వేరు. సందేశాల్లోని నిజమైన సగం ఇదే. ఇప్పుడు ఇళ్ళ కప్పుల మీద కనిపించే సిలికాన్ పలకల మీద సన్నటి గీతలుంటాయి. అవి వెండి ముద్దతో అచ్చొత్తినవి. నానో తీగలు కావు, కంటికి కనిపించే గీతలు. ఒక్కొక్క పలకకు గ్రాముల లెక్కన వెండి పడుతుంది. 2023లో ప్రపంచం మొత్తం మీద సోలార్ పలకలకు వాడిన వెండి సుమారు 6,000 టన్నులు, ఆ ఏడు అన్ని అవసరాలకూ కలిపి వాడినదానిలో ఆరో వంతు. వెండి ధర పెరుగుదలలో దీనికి వాటా లేదని ఎవరూ అనలేరు. అయితే ధర పెరిగేకొద్దీ ఆ కర్మాగారాలే గీతల్ని సన్నం చేస్తున్నాయి, రాగికి మళ్ళే ప్రయత్నం చేస్తున్నాయి. కాబట్టి పెళ్ళి ఉంటే పట్టీలు కొనుక్కోండి. సోలార్ పేరు చెప్పి బీరువా నింపుకోమని మాత్రం మేము చెప్పలేము. వంగే ప్లాస్టిక్ మీద పూసే కొత్తరకం సోలార్ పొరలకు వెండి నానో తీగలు సరిగ్గా సరిపోతాయి, కానీ అవి ఇంకా ఇళ్ళ కప్పులకు చేరలేదు. నల్లబడే గుణం ఇరవై ఏళ్ళు ఎండలో ఉండవలసిన వస్తువుకు మరీ పెద్ద శత్రువు.

ట్రినిటీలో కథ ఇంకో మలుపు తిరిగింది. బోలాండ్, ఫెరీరాల బృందం 2018లో ఒక సంగతి ప్రకటించింది. కూడళ్ళను అతికించకుండా, జిగురు తొక్క అలాగే ఉంచి, తీగల వలలోకి కొద్దికొద్దిగా విద్యుత్తును పంపి చూశారు. వందలకొద్దీ దారులున్నా వల తనంతట తానే ఒక్క దారిని ఎంచుకుంది. మిగతావన్నీ మూగబోయి, విద్యుత్తు అంతా ఆ ఒక్కదాని వెంటే పోయింది. మెదడులో నరాల మధ్య కూడళ్ళు పనిచేసే తీరుతో దీన్ని పోల్చి, జ్ఞాపకం ఉంచుకోగల యంత్రభాగాలు ఇలా చేయవచ్చునేమోనని ఇప్పుడు పరిశోధన సాగుతోంది. తెరలు తయారుచేసేవారు వేడి పెట్టి వదిలించుకోజూసిన ఆ జిగురు తొక్కే ఇక్కడ పనంతా చేస్తోంది.